అసలు లక్ష్మీరాజం లేచి నిలబడాలి

ఫోన్ మోగేసరికి దయాకర్‌రావు సంతకం పెట్టబోతున్నాడు.

ఆ సంతకం పడితే బాలలక్ష్మికి కంపెనీ ఆసుపత్రిలో ఆయా ఉద్యోగం వస్తుంది. ఇప్పుడున్న క్వార్టర్‌లోనే ఉండిపోవచ్చు. పడకపోతే నెలాఖరుకు సామాను బయట పెట్టుకోవాలి. ఆమె భర్త లక్ష్మీరాజం బెల్లంపల్లి బొగ్గుబాయిలో జీవితమంతా పనిచేసి, వేసవి మొదట్లో గుండెపోటుతో పోయాడు. నౌకరీలో ఉండగా కార్మికుడు పోతే ఇంట్లో ఒకరికి పని ఇవ్వాలి. పిల్లలు లేరు కాబట్టి ఆ పని భార్యకే వస్తుంది. అలాంటి కేసులన్నీ ముందు కంపెనీ ఎంక్వైరీ ఆఫీసరు దయాకర్‌రావు దగ్గరికే వస్తాయి.

అరగంట క్రితమే బాలలక్ష్మి అతని ఎదురుగా నిలబడి అడిగినవాటికి జవాబులు చెప్పి వెళ్లింది. భర్త పేరు అడిగితే లక్ష్మీరాజం అంది. ఊరు అడిగితే మెట్‌పల్లి అంది. ఎక్కడా తడుముకోలేదు. అనుమానించడానికి ఏమీ లేదు.

దయాకర్‌రావు రిసీవర్ ఎత్తాడు.

"సార్, సచ్చిపోయింది లక్ష్మీరాజం గాదు," అంది అవతలి గొంతు. మగ గొంతు. వెనక ఏవో యంత్రాల చప్పుడు. "వెనుకట టీవీల ఓ ఆట వస్తుండె. ముగ్గురు మనుషులు కూసుంటరు సూడుండ్రి. గా ఆటల లక్ష్మీరాజం అని వచ్చింది ఎవలో జర యాది తెచ్చుకోండ్రి."

"ఎవరు మాట్లాడేది?"

ఫోన్ పెట్టేసిన శబ్దం వచ్చింది.

దయాకర్‌రావు ఫైలు మూసి పక్కన పెట్టాడు. అది 1996. ఆ ఆట పేరు గుర్తు తెచ్చుకోవడానికి అతనికి సాయంత్రం దాకా పట్టింది.

"ముగ్గురిలో ఒకడు". అదీ పేరు. పదేళ్ల క్రితం, టీవీ ఉన్న ఇంటి ముందు చెప్పులు గుట్టలుగా పడి ఉండే రోజుల్లో, వారానికొకసారి హైదరాబాదు నుంచి వచ్చేది. మొదట తెర వెనక ముగ్గురి నీడలు కనిపించేవి, తర్వాత తెర లేచేది. మొదటివాడు "నా పేరు ఫలానా" అనేవాడు. రెండోవాడూ అదే పేరు చెప్పేవాడు. మూడోవాడూ అదే. ముగ్గురిలో ఒకడే అసలు మనిషి. మిగిలిన ఇద్దరూ వేషగాళ్లు. ఎదురుగా కూర్చున్న ఒక వకీలు, ఒక నాటకాల నటి, ఒక లెక్చరరమ్మ వాళ్లను ప్రశ్నలడిగి అసలువాణ్ణి పట్టుకోవాలి. చివర్లో టై కట్టుకున్న వ్యాఖ్యాత గొంతు పెంచి, అసలు ఫలానా లేచి నిలబడాలి అనేవాడు. ముగ్గురూ లేవబోయినట్టు కదిలేవాళ్లు. ఒకడు లేచేవాడు.

ఒకసారి పాములు పట్టేవాడు వచ్చాడు. ఒకసారి రైలు డ్రైవరు. ఒకసారి బెల్లంపల్లి నుంచి బొగ్గు కార్మికుడు. అంతవరకు దయాకర్‌రావుకు గుర్తుంది. ఆ రోజు ఎవరు లేచారో, ఏం జరిగిందో ఎంత ఆలోచించినా తట్టలేదు.

టీవీలో పనిచేసే స్నేహితుడికి హైదరాబాదు ఫోన్ చేశాడు. అతను నవ్వాడు. ఆ రోజుల్లో టేపులు దొరకడమే గగనమని, ఒక ప్రోగ్రాం మీద ఇంకోటి తీసేవాళ్లని, ఆ ఆట తాలూకు ముక్క కూడా మిగల్లేదని చెప్పాడు.

టేపు లేకపోయినా చూసిన కళ్లు ఉంటాయి. మర్నాడు దయాకర్‌రావు లక్ష్మీరాజం ఉన్న క్వార్టర్ల వరసకు వెళ్లాడు.

ఆ వరసలో మొదట టీవీ కొన్నది పర్శరాములు. లక్ష్మీరాజంతో ఒకే షిఫ్టులో బాయి దిగినవాడు. ఆట సంగతి ఎత్తగానే అతని మొహం విప్పారింది. ఆ ఏడు లక్ష్మీరాజానికి ఉత్తమ కార్మికుడి బహుమతి వచ్చిందని, టీవీవాళ్లు అడిగితే ఆఫీసర్లే అతన్ని పంపించారని చెప్పాడు. అతను వెళ్లనని మొండికేస్తే, ఎందుకు వెళ్లవని ఇంకా పది ప్రశ్నలు వస్తాయని తామే నచ్చజెప్పామన్నాడు. ఆ చివరి మాట అన్నాక పర్శరాములు నాలుక కరుచుకున్నట్టు ఆగాడు. తర్వాత వేషగాళ్ల మీదికి వెళ్లిపోయాడు.

"నడిమిట్ల కూసున్నోడు బ్యాంకుల గుమాస్త సార్. కని మొకానికి ఏం పూసిండ్రో ఏమో, మా రాజం కంటె వాడే బాయిల పనిజేసెటోని లెక్క కనిపించిండు. మేమే పరేషాన్ అయినం."

"మరి లాస్టుకు ఏమైంది?"

పర్శరాములు తల గోక్కున్నాడు. లాస్టుకు ఏమైందో యాదికి లేదన్నాడు.

పక్కింటి భూమవ్వకు బాలలక్ష్మి కట్టుకున్న చీర అంచు కూడా గుర్తుంది. ఆఖరి రౌండులో అసలువాడి ఇంటివాళ్లను ఒకరిని పిలిచేవాళ్లని, అందుకే బాలలక్ష్మి కూడా హైదరాబాదు వెళ్లిందని చెప్పింది. తిరిగొచ్చేటప్పుడు మొగుడూ పెళ్లాలు గోడ గడియారం తెచ్చుకున్నారంది. గడియారం కాదు, సూట్‌కేసు అని వెనక నుంచి ఇంకెవరో అన్నారు. ఇద్దరూ కాసేపు వాదులాడుకున్నారు.

"బాలలక్ష్మిని ఏం అడిగిండ్రు?" అని దయాకర్‌రావు అడిగాడు.

వాదులాట ఆగిపోయింది. భూమవ్వ చాట అందుకుని బియ్యం చెరగడం మొదలుపెట్టింది.

"ఎన్కటి ముచ్చట సార్. ఎవలకు యాదికుంటది."

ఇంకో నాలుగిళ్లు తిరిగాడు. వేషగాళ్లు అందరికీ గుర్తున్నారు. టై వ్యాఖ్యాత గుర్తున్నాడు. బాలలక్ష్మి తెర వెనక నుంచి నడిచి రావడం గుర్తుంది. ఆమె నోరు తెరిచిన దగ్గర అందరికీ మరుపు వచ్చింది.

ఒక్కొక్కరు ఒక్కో చోట మరిచిపోతే అది మరుపు. వరస మొత్తం ఒకే చోట మరిచిపోతే అది కట్టుబాటు. దయాకర్‌రావు పదిహేనేళ్లుగా ఎంక్వైరీలు చేస్తున్నాడు. ఆ తేడా అతనికి తెలుసు. ఆ వరసల్లో చాలామందికి రెండేసి పేర్లుంటాయన్న సంగతీ తెలుసు. బాయిలో ఒక పేరు, పుట్టిన ఊళ్లో ఒక పేరు. వెనకటి రోజుల్లో పని ఒకరి పేరు మీద వస్తే ఇంకొకరు దిగేవారు. చేతిలోని నంబరు బిళ్ల చూసి లోపలికి పంపేవారు తప్ప మొహం చూసేవారు కాదు. అనుమానాలు ఎన్నో ఉండేవి. రుజువులే ఎప్పుడూ దొరికేవి కావు. రుజువైతే మాత్రం రూలు కఠినం. పేరు దొంగదని తేలితే, ఆ పేరు మీద ఇంట్లోవాళ్లకు ఉద్యోగం రాదు.

ఇంటికొచ్చి భోజనానికి కూర్చున్నాడు. భార్య సరళాదేవి వడ్డిస్తోంది. మాటల్లో ఆట పేరు చెప్పాడు.

"గా ఆటనా? మస్తు చూసేటోళ్లం గద," అంది సరళాదేవి. "మన బెల్లంపల్లాయన వచ్చిన నాడు మీరు నడుమనే డ్యూటీకి పోయిండ్రు. లాస్టుకు మీరు లేరు."

తనకు ముగింపు ఎందుకు గుర్తులేదో దయాకర్‌రావుకు అప్పుడర్థమైంది. ఏం జరిగిందో చెప్పమన్నాడు.

సరళాదేవి గరిటె గిన్నెలో పెట్టి చెప్పింది. ఆఖరి రౌండులో ఆ భార్యను తీసుకొచ్చి నిలబెట్టారు. అసలువాడు ఈమె భర్తేనని, ఒక్క ప్రశ్న మాత్రం అడగొచ్చని వ్యాఖ్యాత చెప్పాడు. లెక్చరరమ్మ తెలివైనది. నీ భర్త పేరు చెప్పమ్మా అంది. ఆ అమ్మాయి లక్ష్మీరాజం అని ఠక్కున చెప్పింది. సిగ్గు లేదు, తల వంచడం లేదు. అప్పుడు లెక్చరరమ్మ పక్కవాళ్లతో, ఈమె భార్య కాదు, మనల్ని తప్పుదారి పట్టించడానికి తెచ్చిన నటి, ఆ పల్లెల్లో ఆడవాళ్లు భర్త పేరు ఇలా పలకరు అంది. ఆమె మాటిమాటికీ మూడోవాడి వైపు చూస్తోంది కాబట్టి మూడోవాడూ వేషగాడేనని తేల్చారు. ముగ్గురూ ఒకటో నంబరుకు ఓటేశారు.

"అసలు లక్ష్మీరాజం లేచి నిలబడాలి అన్నడు. ఎవ్వరు లేస్తలేరు. మల్లొకసారి అన్నడు. అప్పుడు మూడో ఆయన లేచిండు. మెల్లగ లేచిండు. అందరు చప్పట్లు గొట్టిండ్రు. లెక్చరరమ్మ ఓడిపోయింది."

"ఓడిపోలే," అన్నాడు దయాకర్‌రావు.

సరళాదేవి అర్థం కానట్టు చూసింది.

"ఆమె పట్టుకున్నది. కని ఏం పట్టుకున్నదో ఆమెకే తెల్వలే. నువ్వు నా పేరు చెప్పు."

"ఎందుకు?"

"ఊకెనే. చెప్పు."

సరళాదేవి పెరుగు గిన్నె తీసుకుని లేచింది. "పెండ్లయి ఇరవయ్యేండ్లాయె. ఎన్నడన్న పలికిన్నా? గిప్పుడేం పుట్టింది మీకు? పోండ్రి," అంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది.

దయాకర్‌రావు చెయ్యి కడుక్కున్నాడు. నిన్న ఆఫీసులో కూడా బాలలక్ష్మి లక్ష్మీరాజం అని ఠక్కున చెప్పింది. భర్త పోయిన ఆడది ఆ పేరు దగ్గర ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఆడవాళ్ల నోట అంత తేలిగ్గా వచ్చే మగవాళ్ల పేర్లు ఎవరివి? ఇంట్లో కలిసి పెరిగినవాళ్లవి.

మర్నాడు పొద్దున జీపు మెట్‌పల్లి దారి పట్టింది. రాయపట్నం దగ్గర గోదావరి దాటి, ధర్మపురి, జగిత్యాల మీదుగా ఎండ ముదిరేసరికి ఊరు చేరాడు. లక్ష్మీరాజం ఇల్లు ఎక్కడని అడగలేదు. బెల్లంపల్లిలో ఉండే బాలలక్ష్మి తల్లిగారిల్లు ఎక్కడని అడిగాడు. నేతవాళ్ల గల్లీలో ఒక రేకుల షెడ్డు చూపించారు.

లోపల నాలుగు సాంచెలు ఒకేసారి ఆడుతున్నాయి. ఆ మరమగ్గాల చప్పుడు వినగానే దయాకర్‌రావు గుమ్మంలో ఆగాడు. ఫోన్‌లో విన్నది అదే.

చివరి సాంచె దగ్గర ఉన్న మనిషి అతన్ని చూశాడు. యాభై ఏళ్లుంటాయి. బక్కగా ఉన్నాడు. జుట్టులో దూది పోగులు. జీపును, దయాకర్‌రావును మార్చి మార్చి చూసి సాంచె బంద్ చేశాడు.

"ఫోన్ జేసింది నేనే సార్," అన్నాడు. "నేనే లక్ష్మీరాజాన్ని."

బయట అరుగు మీద కూర్చుని సంగతంతా చెప్పాడు. డెబ్బై రెండులో బాయి పనికి అతని పేరు వచ్చింది. మొదటి రోజు మనుషుల్ని బాయిలోకి దించే డోలీలో కిందికి దిగాడు. చీకటి, నీళ్ల చప్పుడు, నెత్తిమీద కొండంత బరువు. పైకొచ్చాక మళ్లీ దిగనని బిళ్ల పారేయబోయాడు. అప్పుడే పెళ్లయిన చెల్లెలి మొగుడు భూమన్న పని లేక ఇంట్లో ఉన్నాడు. ఆ బిళ్ల తీసుకుని రెండో రోజు అతను దిగాడు. అంతే. ఆ రోజు నుంచి బెల్లంపల్లిలో భూమన్న పేరు లక్ష్మీరాజం. మెట్‌పల్లి వస్తే మళ్లీ భూమన్న. అన్నకు సాంచెలు, బావకు బొగ్గు. ఇన్నేళ్లలో ఎవరికీ ఏ తకరారూ రాలేదు.

"మరి గిప్పుడు ఫోన్ ఎందుకు జేసినవ్?"

లక్ష్మీరాజం మోకాళ్ల మీద చేతులు రుద్దుకున్నాడు. నేతవాళ్లకు ఇళ్ల జాగలు ఇస్తున్నారు. ముప్పై ఏళ్లుగా కిరాయింట్లో ఉన్నాడు. చివరికి అతని పేరు వచ్చింది. పట్టా తీసుకోవడానికి వెళితే ఆఫీసులో గుమాస్తా పైకీ కిందికీ చూసి, రాజలింగం కొడుకు లక్ష్మీరాజం బెల్లంపల్లిలో చచ్చిపోయినట్టు కాగితం వచ్చిందని, చచ్చినవాడికి జాగ ఎట్లా ఇస్తామని అడిగాడు. గల్లీలో పిల్లలు కూడా నవ్వుతున్నారు.

"పేరు ఇచ్చిన సార్. పానం ఇయ్యలే గద. నేను బతికున్న అని ఎవలన్న ఆఫీసరు వచ్చి ఒక్క మాట రాస్తె సాలనుకున్న. మా చెల్లె నౌకరి ఎప్పుడో పక్కా అయిపోయిందనుకున్న."

"కాలే," అన్నాడు దయాకర్‌రావు. "సంతకం పెట్టే టైముకు నీ ఫోన్ వచ్చింది."

లక్ష్మీరాజం అరుగు దిగి నిలబడ్డాడు. షెడ్డులో మిగిలిన మూడు సాంచెలు ఆడుతూనే ఉన్నాయి. ఇప్పుడేం అవుతుందని అడిగాడు. మూడో రోజు పొద్దున బాలలక్ష్మిని ఆఫీసుకు పిలిపిస్తానని, అన్నీ ఆమె ముందే రాయిస్తానని, నువ్వూ రావాలని దయాకర్‌రావు చెప్పాడు. రూలు కూడా చెప్పాడు. దాచలేదు.

మూడో రోజు బాలలక్ష్మి ముందే వచ్చి వరండాలో కూర్చుంది. కుర్చీలో కాదు, కింద. లోపల గుమాస్తా మధుసూదన్‌రావు కాగితాలు సర్దుకున్నాడు. మెట్‌పల్లి బస్సు దిగి లక్ష్మీరాజం వచ్చేసరికి పది దాటింది. అన్నను చూసి ఆమె లేచి నిలబడింది. అతను రావడం ఆమెకు తెలియదు. ఫోన్ సంగతీ తెలియదు.

దయాకర్‌రావు ఇద్దరినీ లోపలికి పిలిచాడు. ముందు అన్నను పేరు అడిగాడు.

"భూమన్న," అన్నాడు లక్ష్మీరాజం.

మధుసూదన్‌రావు పెన్ను ఆగింది. బాలలక్ష్మి చటుక్కున తలెత్తింది.

"మొన్న నాతోని వేరే పేరు చెప్పినవ్."

"అబద్దం జెప్పిన సార్. ఇంటి జాగ కోసం చెప్పిన. నా పేరు భూమన్న. సచ్చిపోయిన లక్ష్మీరాజం నా బావ. గీమె నా చెల్లె." చెల్లెలి వైపు చూడకుండా, "ఫోన్ గూడ నేనే జేసిన. కండ్లు మండి చేసిన. తప్పయింది," అన్నాడు.

బాలలక్ష్మి అన్న వైపు చూసింది. ఫోన్ సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది.

దయాకర్‌రావు వెనక్కి వాలాడు. అబద్ధం గట్టిదే. బస్సులో వస్తూ బాగా ఆలోచించుకున్నట్టున్నాడు. కాగితాల మీద భూమన్న ఇంకా బతికే ఉన్నాడు. అతని పేరు ఎవరూ కొట్టెయ్యలేదు. ఈ మనిషి ఆ పేరు తీసుకుంటే లెక్క సరిపోతుంది. లక్ష్మీరాజం చనిపోయినట్టే ఉంటాడు. బాలలక్ష్మికి ఉద్యోగం వస్తుంది. ఫోన్ చేసినవాడే తప్పుడు ఫోన్ అని ఒప్పుకున్నాక ఎంక్వైరీ మూసేయడానికి అడ్డేమీ లేదు. ఇతనికి జాగ పోతుంది. మిగిలిన జీవితమంతా ఇంకొకడి పేరుతో బతకాలి.

అసలు సంగతి దయాకర్‌రావుకు తెలుసు. కాని తెలిసింది వేరు, రాసుకునేది వేరు. ఎవరు ఏం చెబితే అది రాయడం అతని పని. చెప్పిందాన్ని రెండో మనిషి ఒప్పుకోవాలి. అది పద్ధతి.

బాలలక్ష్మి వైపు తిరిగాడు. "గీయన నీకు ఏమైతడు?"

"అన్న."

"పేరు?"

బాలలక్ష్మి నోరు తెరిచింది. మాట రాలేదు.

మధుసూదన్‌రావు పెన్ను కాగితం మీద పెట్టి ఎదురుచూశాడు. దయాకర్‌రావు మళ్లీ అడిగాడు. ఆమె కొంగు తీసి పెదవులకు అడ్డం పెట్టుకుంది.

"చెప్పు చెల్లె," అన్నాడు అన్న. బతిమాలుతున్నట్టు అన్నాడు. "నా పేరు చెప్పు. ఒక్క మాట. అయిపోతది."

ఆమె ఇంకోసారి ప్రయత్నించింది. పేరు బయటికి రాలేదు. కిటికీ అవతల షిఫ్టు దిగిన కార్మికులు మాట్లాడుకుంటూ వెళుతున్నారు. వాళ్ల మాటలు దూరమయ్యాయి.

తర్వాత ఆమె కొంగు దించింది.

"గా పేరుతోని నిన్నెట్ల పిలవాలె అన్నా?" అంది. "రేపు రాకీ కట్టాలె నీకు. నీ ఇంటికి వస్త, పోత. అందరి ముంగట గదే పేరు అనాలె. నాతోని గాదు."

"నౌకరి పోతది చెల్లె."

"పోనియ్యి." దయాకర్‌రావు వైపు తిరిగింది. "సార్, గీయన పేరు లక్ష్మీరాజం. మా అన్న. బతికే ఉన్నడు. రాసుకోండ్రి."

"రాస్తె ఏమైతదో తెలుసు గద?"

"తెలుసు సార్."

లక్ష్మీరాజం గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. దయాకర్‌రావు మధుసూదన్‌రావుకు తలూపాడు. పెన్ను కదిలింది. ఉద్యోగ దరఖాస్తు తిరస్కరించడానికి నాలుగు వాక్యాలు సరిపోయాయి. క్వార్టర్ ఎప్పుడు ఖాళీ చేయాలో దయాకర్‌రావు చెప్పాడు. సామాను తీసుకుపోవడానికి లారీ మాట్లాడుకొస్తానని, తన ఇంట్లోనే ఉండమని, సాంచెల కాడ నూలు కండెలు చుట్టే పని ఉందని అన్న కింద కూర్చునే చెప్పాడు. బాలలక్ష్మి సరేనంది. ఫోన్ సంగతి ఎత్తలేదు.

ఇంకో కాగితం మిగిలింది. చనిపోయినవాడు లక్ష్మీరాజం కాకపోతే, ఎవరు చనిపోయారో రాసి మెట్‌పల్లికి పంపాలి. అప్పుడే అక్కడి ఆఫీసులో లక్ష్మీరాజం మళ్లీ బతుకుతాడు. మధుసూదన్‌రావు కొత్త కాగితం తీశాడు.

"చనిపోయిన మనిషి పేరు?"

బాలలక్ష్మి కిటికీ వైపు తిరిగి నిలబడింది. అన్న ఆమె వీపు వైపు ఒకసారి చూసి, మెల్లగా చెప్పాడు.

"భూమన్న."

మధుసూదన్‌రావు రాసుకున్నాడు. "భార్య పేరు?"

అన్న నోరు తెరిచేలోపే కిటికీ దగ్గర నుంచి జవాబు వచ్చింది.

"బాలలక్ష్మి."